వెబ్‌సైట్ ఎవరిది? రికార్డు చెప్పేదీ చెప్పనిదీ

ఫోన్‌కి ఒక మెసేజ్ వస్తుంది. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కనెక్షన్ తీసేస్తారు, వెంటనే ఈ లింకులో కట్టండి అని. లింకు నొక్కితే తెరుచుకున్న పేజీలో లోగో ఉంటుంది, రంగులు సరిపోతాయి, తెలుగులో అక్షర దోషాలు కూడా కనిపించవు. కాస్త జాగ్రత్త తెలిసిన మనిషి అక్కడ ఆగి, అసలు ఈ సైటు ఎవరిదో చూద్దాం అనుకుంటాడు. ఇంటర్నెట్‌లో ప్రతి పేరుకీ ఒక రిజిస్ట్రేషన్ రికార్డు ఉంటుందనీ, దాన్ని ఎవరైనా ఉచితంగా చూడవచ్చనీ ఎక్కడో విని ఉంటాడు. 'హూఈజ్' అని వెతికి, ఆ గడిలో పేరు కొడతాడు. పేజీ నిండా వివరాలు వస్తాయి. ఓనరు పేరు ఉండాల్సిన చోట మాత్రం 'రిడాక్టెడ్ ఫర్ ప్రైవసీ' అని ఉంటుంది. అడ్రసు దగ్గరా అదే, ఫోన్ నంబరు దగ్గరా అదే.

చాలామంది ఇక్కడే ఆ పేజీ మూసేస్తారు. కొందరు పేరు దాచాడంటే దొంగే అయ్యుంటాడని నిర్ధారించుకుంటారు. రెండూ పొరపాట్లే. నిజాయితీగా నడిచే సైట్లలోనూ అత్యధికం ఈ తెర వెనకే ఉన్నాయి. మోసగాడి సైటుకి తెర తీసి చూసినా దొరికేది ఎక్కువసార్లు ఒక అబద్ధపు పేరు. మనిషి ఎవరో చెప్పడానికి ఈ రికార్డు ఎప్పుడూ గట్టి సాక్ష్యం కాదు. ఏ పేరు ఎప్పుడు పుట్టింది, ఎవరి ద్వారా వచ్చింది, ఎప్పటిదాకా చెల్లుతుంది అనేవాటికి మాత్రం ఇంతకు మించిన సాక్ష్యం లేదు. ఆ తేడా తెలియాలంటే ముందు ఈ పేర్లు మనిషి చేతికి ఎలా వస్తాయో చూడాలి.

కొనడం కాదు, లీజు

డొమైన్ కొన్నాం అనడం వాడుక మాట. నిజానికి దాన్ని శాశ్వతంగా ఎవరూ కొనలేరు. ఏడాదికో రెండేళ్లకో, ఎంత ఎక్కువైనా ఒకసారికి పదేళ్లకో, ఆ పేరు వాడుకునే హక్కు తీసుకుంటారు. గడువు తీరేలోగా రుసుము కడితే లీజు సాగుతుంది, కట్టకపోతే పోతుంది. అన్నిటికీ పైన ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడింది. దాని కింద, పేరు చివర వచ్చే డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ఒక్కో తోకకీ ఒక్కో పుస్తకం నిర్వహించే సంస్థ ఉంటుంది. డాట్ కామ్ పుస్తకం వెరిసైన్ అనే అమెరికా కంపెనీ దగ్గర ఉంది. మన డాట్ ఇన్ పుస్తకం నిక్సీ అనే సంస్థ చూసుకుంటుంది. ఈ పుస్తకదారుల్ని రిజిస్ట్రీలు అంటారు. వీళ్లు మామూలు జనానికి నేరుగా పేర్లు ఇవ్వరు. ఆ పని రిజిస్ట్రార్లది. రిజిస్ట్రార్ల కింద మళ్లీ రీసెల్లర్లు, వాళ్ల కింద మన వీధి చివర వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాళ్లు.

పొలం రిజిస్ట్రేషన్‌తో పోలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రిజిస్ట్రీ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోని పుస్తకం. రిజిస్ట్రార్ అంటే మన తరఫున కాగితాలు తయారుచేసి ఆ పుస్తకంలోకి ఎక్కించే దస్తావేజు లేఖరి. అయితే పోలిక ఒకచోట తెగుతుంది, తెగేది కూడా కీలకమైన చోటే. డాట్ కామ్ విషయంలో వెరిసైన్ పుస్తకంలో పట్టాదారు పేరు ఉండదు! 15 కోట్లకు పైగా పేర్లున్న ఆ పుస్తకంలో ఒక్కో పేరుకీ ఏ రిజిస్ట్రార్ ద్వారా వచ్చింది, ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, ఏ నేమ్ సర్వర్లను అడిగితే సైటు దొరుకుతుంది అనేవే ఉంటాయి. పేరు తీసుకున్నవారి వివరాలు లేఖరి దగ్గరి చిట్టాలో, అంటే రిజిస్ట్రార్ దగ్గర, మిగిలిపోతాయి. అందుకే ఓనరు ఎవరని అడిగిన ప్రశ్న రెండు గుమ్మాలు ఎక్కుతుంది. ముందు పుస్తకం దగ్గరికి, అక్కడ చెప్పిన లేఖరి దగ్గరికి.

లీజు మరిచిపోతే ఏమవుతుందో ప్రపంచంలో అతి పెద్ద కంపెనీల్లో ఒకటి 1999లో చూపించింది. హాట్‌మెయిల్‌లోకి లాగిన్ కావడానికి పాస్‌పోర్ట్ డాట్ కామ్ అనే పేరు అవసరం. దాని రుసుము కట్టడం మైక్రోసాఫ్ట్ మరిచిపోయింది. క్రిస్మస్ ముందురోజు చాలామందికి మెయిల్ తెరుచుకోలేదు. అమెరికాలో ఒక ప్రోగ్రామర్ రిజిస్ట్రేషన్ రికార్డు తీసి చూశాడు. డబ్బు కట్టకపోవడంతో పేరు ఆగిపోయిందని అర్థమై, తన సొంత కార్డుతో 35 డాలర్లు కట్టేశాడు. ఆ తర్వాత సేవ మళ్లీ పనిచేసింది. పేరు ఎవరిదో చెప్పడం కంటే పేరు ఏ స్థితిలో ఉందో చెప్పడం ఈ రికార్డుకి ఎంత సహజమైన పనో ఆ సంఘటనలో కనిపిస్తుంది.

డైరెక్టరీగా పుట్టిన సేవ

హూఈజ్ సేవ డొమైన్ పేర్ల కంటే పాతది. 1982లో అర్పానెట్ అనే చిన్న నెట్‌వర్క్ కోసం దాన్ని రాతపూర్వకంగా నిర్వచించారు. కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో ఎస్ఆర్ఐ సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ నడిపిన సమాచార కేంద్రం ఆ నెట్‌వర్క్‌కు డైరెక్టరీ ఉంచేది. ఎవరు ఏ కంప్యూటర్ దగ్గర ఉంటారు, వాళ్ల ఫోన్ నంబరేమిటి, ఉత్తరం ఎక్కడికి రాయాలి అన్నదే దాని ఉద్దేశం. డొమైన్ పేర్ల పద్ధతిని పాల్ మొకపెట్రిస్ 1983లో ప్రతిపాదించాడు. మొదటి డాట్ కామ్ పేరు, సింబాలిక్స్ డాట్ కామ్, 1985 మార్చి 15న నమోదైంది. అంటే ఒకరికొకరు దాదాపు ముఖాలు తెలిసిన పరిశోధకుల మధ్య టెలిఫోన్ డైరెక్టరీలా పుట్టినదాన్ని, కోట్లమంది అపరిచితులున్న బజారుకు తెచ్చి నిలబెట్టారు.

దాని పనితీరు కూడా ఆ కాలపు నమ్మకానికి తగ్గట్టే ఉంటుంది. సర్వర్‌లో 43వ నంబరు తలుపు కొట్టాలి, ఒక్క లైనులో పేరు చెప్పాలి. లోపలివాడు తన దగ్గరున్నదంతా చదివి తలుపు మూసేస్తాడు. అడుగుతున్నది ఎవరు, ఎందుకు అడుగుతున్నారు అనే ప్రశ్న ఆ సంభాషణలో లేదు. జవాబు ఏ వరుసలో ఉండాలో నియమం లేదు. ఒకరు తేదీ ముందు రాస్తే మరొకరు నెల ముందు రాసేవారు. తెలుగులాంటి లిపుల్లో పేరు రాస్తే అవతలివైపు అది ఎలా తేలుతుందో చెప్పే కట్టుబాటూ లేదు. అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి. అందులోని పేరూ అడ్రసూ రాసేది పేరు తీసుకున్న మనిషే. 2013 ఒప్పందం తర్వాత ఈమెయిల్‌నో ఫోన్ నంబర్‌నో 15 రోజుల్లో సరిచూడాలని రిజిస్ట్రార్లకు నిబంధన వచ్చింది. అయితే ఆ సరిచూడటంలో తేలేది మెయిల్ అందుతోందనే. అందుకున్నది ఎవరో తేలదు. ఆస్తి పత్రంలా కనిపించే ఈ రికార్డు అప్పుడూ ఇప్పుడూ స్వీయ ప్రకటనే.

పేర్ల మీద తెర ఎలా పడింది

నిజాయితీగా వివరాలు రాసినవాళ్లకే ఈ బహిరంగ డైరెక్టరీ శిక్ష అయింది. చిన్న దుకాణానికి సైటు పెట్టుకుంటే చాలు, యజమాని ఇంటి అడ్రసూ సెల్ నంబరూ ప్రపంచమంతా చదవవచ్చు. కొత్త పేర్ల జాబితాను రోజూ యంత్రాలతో తోడి, వెబ్‌సైట్ చేసిపెడతాం, లోగో గీసిపెడతాం అంటూ ఫోన్లు చేసేవాళ్లు తయారయ్యారు. మీ డొమైన్ గడువు తీరిపోతోందని దొంగ బిల్లులు పంపేవాళ్లు మరో రకం. తన అభిప్రాయాలు రాసుకునే ఒంటరి మహిళకైతే అది ఇల్లు చూపించే బాణం గుర్తే. దాంతో వివరాలు దాచిపెట్టే సేవలను రిజిస్ట్రార్లు అదనపు రుసుముకి అమ్మడం మొదలుపెట్టారు. డబ్బున్నవాడికి గోప్యత, లేనివాడికి వెల్లడి అన్నట్టుగా కొన్నేళ్లు నడిచింది.

2018 మే 25న యూరప్‌లో జీడీపీఆర్ చట్టం అమల్లోకి వచ్చింది. వ్యక్తి వివరాలను చట్టబద్ధమైన ఆధారం లేకుండా బజార్లో పెట్టడం ఆ చట్టానికి విరుద్ధం. దానికి వారం ముందు ఐకాన్ ఒక తాత్కాలిక నిబంధన తెచ్చి, వివరాలు సేకరించినా బయటికి చూపించకుండా ఉంచేందుకు వీలు కల్పించింది. ఎవరు యూరప్‌వాళ్లో, ఎవరు కాదో ఏరుకుంటూ కూర్చోవడం కష్టమని చాలామంది రిజిస్ట్రార్లు ప్రపంచమంతటికీ ఒకే తెర దించేశారు. విజయవాడ వ్యాపారి పేరు దాగిపోయింది అలాగే.

సేవ యంత్రాంగం కూడా మారింది. 43వ తలుపు స్థానంలో ఆర్‌డాప్ అనే కొత్త పద్ధతి వచ్చింది. డాట్ కామ్ తరహా తోకల్లో పాత హూఈజ్ నడపాలన్న నిర్బంధం 2025 జనవరి 28తో ముగిసింది. ఇప్పుడు ఐకాన్ లుకప్ పేజీలో పేరు కొడితే వచ్చేది ఆర్‌డాప్ జవాబే. జనం మాత్రం ఇంకా హూఈజ్ చూశావా అనే అంటారు, అందులో తప్పేమీ లేదు. కొత్త పద్ధతిలో మూడు సంగతులు మారాయి. జవాబు అందరి దగ్గరా ఒకే అచ్చులో వస్తుంది. ఏ లిపిలోని పేరైనా చెడకుండా ప్రయాణిస్తుంది. మూడోది ముఖ్యం: అడిగేది ఎవరో గుర్తుపట్టి, వారి అధికారాన్ని బట్టి ఎక్కువో తక్కువో చూపించడానికి అందులో ఏర్పాటు ఉంది.

తేదీ అబద్ధమాడదు, కానీ...

తెర పడని గడుల్లో ఏముందో ఒక నిజమైన రికార్డు దగ్గర చూద్దాం. వికీపీడియా డాట్ ఆర్గ్ అని అడిగితే మొదలైన తేదీ 2001 జనవరి 13 అని వస్తుంది. వికీపీడియా జనం ముందుకు వచ్చింది ఆ నెల 15న. అంటే రెండు రోజుల ముందు పేరు తీసుకున్నారు. ఈ తేదీ రాసింది పేరు తీసుకున్నవాళ్లు కాదు, పుస్తకదారు. అందుకే దానికి విలువ. మరి తెలుగు వికీపీడియా చిరునామాకు ముందు ఉండే 'టీఈ డాట్' కలిపి అడిగితే? దానికి వేరే రికార్డే లేదు. తోకనీ, దానికి ముందున్న ఒక్క మాటనీ మాత్రమే పుస్తకంలో రాస్తారు. డాట్ ఇన్ కింద కో డాట్ ఇన్ లాంటి జంట తోకలుంటే ఇంకొక్క మాట వెనక్కి జరగాలి. దానికి ఎడమ వైపున్నదంతా లీజుదారు ఇష్టం, ఎన్ని గదులైనా కట్టుకోవచ్చు. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవాలనడం ఇందుకే. మోసగాళ్లకూ ఇది తెలుసు. తమ లీజులోని పేరుకి ఎడమ వైపు బ్యాంకు పేరును ఒక గదిలా కట్టి, తోకను ఫోన్ తెర అంచు దాటేంత దూరం నెట్టేస్తారు.

ఇప్పుడు కరెంటు బిల్లు మెసేజ్ దగ్గరికి వద్దాం. అందులోని పేరుకి మొదలైన తేదీ మొన్నటిదైతే ప్రశ్న అక్కడితో తెగిపోయింది. ఏళ్ల తరబడి బిల్లులు వసూలు చేస్తున్న సంస్థ చిరునామా మూడు రోజుల కిందట పుట్టదు. ఓనరు పేరు తెలియకుండానే తేలిన సంగతి ఇది. మోసపు సైట్ల ఆయుష్షు తక్కువ. ఒక పేరు పట్టుబడితే మరొకటి తీసుకుంటారు కాబట్టి కొత్తదనం ఎక్కువసార్లు వాళ్లను పట్టిచ్చే గుర్తు.

తిరగేస్తే మాత్రం ఇది చెల్లదు. పాత తేదీ ఉంటే సైటు మంచిదని అర్థం కాదు. ఒక పేరు చేతులు మారినా మొదటి తేదీ అలాగే ఉంటుంది, ఇరవై ఏళ్ల నాటి పేరును నిన్న ఎవరో కొనుక్కుని ఉండవచ్చు. గడువు తీరి పూర్తిగా పుస్తకంలోంచి కొట్టేశాక మళ్లీ తీసుకుంటేనే కొత్త తేదీ పడుతుంది. మంచి సైటులోకి దొంగ చొరబడి ఒక మూల తన పేజీ పెట్టినా రికార్డులో ఏమీ తెలియదు. కొత్త తేదీని గట్టి హెచ్చరికగా తీసుకోవాలి, పాత తేదీని మాత్రం ఒక చిన్న ఊరటగానే.

*పెట్టెలో: రికార్డులో ఎదురయ్యే మాటలు*

*'రిజిస్ట్రార్' అన్నచోట కనిపించే కంపెనీ ఓనరు కాదు, పేరు ఎక్కించిన లేఖరి. దాన్నే ఓనరనుకుని కోపం తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 'నేమ్ సర్వర్' అంటే ఈ పేరు ఏ కంప్యూటర్ దగ్గర ఉందో దారి చెప్పే చోటు. 'క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్' చూసి భయపడనక్కర్లేదు, పేరును ఎవరూ ఎత్తుకుపోకుండా వేసిన తాళం అది. 'క్లయింట్ హోల్డ్' అని ఉంటే రిజిస్ట్రార్ ఆ పేరును ఆపేశాడని అర్థం. 'అబ్యూజ్ కాంటాక్ట్' అనే ఈమెయిల్, ఫోన్ నంబరు మామూలు పాఠకుడికి అన్నిటికంటే పనికొచ్చే గడి. ఫిర్యాదు పంపాల్సింది అక్కడికే.*

తెర దొంగకే లాభం కాదా?

గోప్యత పేరుతో నేరస్థుడిని కాపాడుతున్నారనే ఆక్షేపణ బలమైనదే. దానికి రెండు భాగాలున్నాయి, విడివిడిగా చూడాలి. మొదటిది, పేరు కనబడితే దొంగ దొరుకుతాడనే నమ్మకం. స్వీయ ప్రకటనలో దొంగ తన అసలు పేరు ఎందుకు రాస్తాడు? తెర లేని రోజుల్లోనూ అబద్ధపు పేర్లే రాశారు. కొన్నిసార్లు ఏ పాపం తెలియని వేరేవాళ్ల పేరూ అడ్రసూ రాసి, జనం కోపం వాళ్ల గుమ్మానికి మళ్లించారు. ఇక పోలీసులకు తెర అడ్డం కాదు. వివరాలు రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి, చట్టప్రకారం అడిగితే ఇవ్వాలి. కట్టిన డబ్బు ఏ కార్డు నుంచి వచ్చింది, ఏ ఐపీ అడ్రసు నుంచి లాగిన్ అయ్యారు అనే ఆనవాళ్లు అక్కడ దొరుకుతాయి. పేరు గడిలో రాసిన మాట కంటే దర్యాప్తుకి అవే గట్టివి.

రెండో భాగానికి అంత తేలిక జవాబు లేదు. సైబర్ భద్రతా పరిశోధకులు ఓనరు పేరు నిజమో కాదో పట్టించుకునేవారు కాదు. అబద్ధపు పేరైనా, ఒకే ఈమెయిల్‌తో నాలుగు వందల సైట్లు తీసుకుని ఉంటే, ఒకటి పట్టుకుని మిగతా అన్నిటినీ లాగేవారు. ఆ దారం 2018లో తెగింది. ఇది నిజమైన నష్టం, దాన్ని తక్కువ చేసి చెప్పకూడదు. రహస్య వివరాలను అడిగేందుకు ఐకాన్ 2023 నవంబరులో ఒక దరఖాస్తు వేదిక తెరిచింది గానీ, ఇవ్వాలా వద్దా అనేది రిజిస్ట్రార్ చేతిలోనే ఉంటుంది. దీనికి పరిష్కారం అందరి పేర్లూ మళ్లీ బజార్లో పెట్టడం అని నేను అనుకోను. ఆర్‌డాప్‌లోని మూడో ఏర్పాటును, అంటే గుర్తింపు ఉన్నవాళ్లకు మాత్రమే లోపలి గది చూపించే వీలును, నిజంగా వాడుకలోకి తేవాలి. యంత్రం సిద్ధంగా ఉంది, దాన్ని తిప్పే నియమాలే వెనకబడ్డాయి.

మనిషికీ సంస్థకీ ఒకే తెర వేయడం మరో తప్పు. ఇంట్లో కూర్చుని కవితలు పెట్టుకునే వ్యక్తి అడ్రసు ఎవరికీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని సరుకు పంపుతానంటున్న కంపెనీకి దాచుకునే హక్కు ఎక్కడిది? యూరప్ కూడా ఈ తేడా గుర్తించింది. 2022 నాటి ఎన్ఐఎస్ 2 ఆదేశంలో, వ్యక్తిగతం కాని రిజిస్ట్రేషన్ వివరాలను బహిరంగంగా ఉంచాలని చెప్పింది. మన దేశంలో 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకాలు చేసే సైటు తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు సైటులోనే చూపించాలి. కాబట్టి కొనేముందు సైటు అడుగున ఆ పేరు ఉందో లేదో, జీఎస్టీ నంబరు ఇస్తే జీఎస్టీ పోర్టల్‌లో అదే పేరు వస్తుందో లేదో చూడటం, హూఈజ్‌లో ఓనరును వెతకడం కంటే సూటి దారి. డొమైన్ తేదీని దాని పక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది. పదిహేనేళ్లుగా మీ సేవలో అని రాసుకున్న దుకాణం పేరు గత నెల పుట్టిందంటే ఆ బోర్డు అబద్ధం కావచ్చు.

గుమ్మం దగ్గరే అడిగితే

ఓనరెవరో తర్వాత వెతకడం కంటే, అర్హులకే పేరు ఇవ్వడం మరో దారి. జీఓవీ డాట్ ఇన్ తోక ప్రభుత్వ విభాగాలకే దొరుకుతుంది. ఆ మాట చూడగానే ఓనరు ఏ కోవకు చెందినవాడో తెలిసిపోతుంది, రికార్డు తియ్యనక్కర్లేదు. ఇదే ఆలోచనతో రిజర్వ్ బ్యాంకు 2025లో బ్యాంకుల కోసం 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక తోకను తెచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 31 లోగా బ్యాంకులన్నీ దానికి మారాలని ఆదేశించింది. ఈ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ. బ్యాంకు కానివాడికి ఆ గుమ్మంలో పేరు పుట్టదు. చూసేటప్పుడు మాత్రం చుక్క మీద కన్ను ఉండాలి. చిరునామా చివర్లోని 'బ్యాంక్ డాట్ ఇన్'కి ముందు చుక్క ఉంటే అది ఆ ప్రత్యేక తోక కింది పేరు. అదే చోట అడ్డగీత ఉంటే, అడ్డగీతకు రెండు వైపులా ఉన్నదంతా ఎవరైనా తీసుకోగలిగిన ఒకే మామూలు పేరు. తెర మీద ఆ రెంటికీ తేడా ఒక గింజంత.

మరి అన్ని పేర్లకూ ఇలాగే కాగితాలు అడిగితే పోలేదా? బ్యాంకులు వేలల్లో ఉంటాయి, వాటికి లైసెన్సు ఇచ్చేది ఒకే సంస్థ. అందుకే అక్కడ తనిఖీ సాధ్యమైంది. కోట్ల పేర్లకు అదే పద్ధతి పెడితే ఆధార్ ప్రతులు వందలాది రిజిస్ట్రార్ల దగ్గర పోగుపడతాయి, అవి లీకైతే కొత్త మోసాలకు ముడిసరుకు అవుతాయి. కాగితం అడిగినంత మాత్రాన మనిషి దొరకడని అద్దె బ్యాంకు ఖాతాలు ఇప్పటికే చూపించాయి. కేవైసీ అంతా సవ్యంగానే ఉంటుంది, ఖాతా మాత్రం మరొకరు నడుపుతుంటారు. నిజాయితీపరుడికి జాప్యమూ ఖర్చూ, మోసగాడికి ఒక అద్దె మనిషి ఖర్చూ మిగులుతాయి. దానికంటే ఫిర్యాదు వచ్చిన పేరును త్వరగా ఆపడం ఎక్కువ ఫలితం ఇస్తుంది. 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఐకాన్ నిబంధనల ప్రకారం, ఫిషింగ్ జరుగుతోందని తగిన ఆధారాలతో ఫిర్యాదు అందితే రిజిస్ట్రార్ చర్య తీసుకునే తీరాలి. మెసేజ్ స్క్రీన్‌షాట్, పూర్తి లింకు, చూసిన సమయం జతచేసి అబ్యూజ్ కాంటాక్ట్‌కి పంపితే అది ఆధారమే. డబ్బు పోయి ఉంటే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఈ పని తర్వాత.

మీ దుకాణం పేరు ఎవరి పేరు మీద ఉంది?

ఓనరెవరు అనే ప్రశ్నను ఇంతదాకా ఎదుటివాళ్ల మీదే వేశాం. చిన్న వ్యాపారాలు, ట్రస్టులు, స్కూళ్లు, పత్రికలు దాన్ని తమ మీద వేసుకోవడం లేదు. సైటు చేసిపెట్టమని ఒక డిజైనర్‌కి డబ్బిస్తారు, అతను తన ఖాతాలో, తన ఈమెయిల్‌తో డొమైన్ తీసుకుంటాడు. బిల్లు దుకాణం కట్టింది, బోర్డు మీద దుకాణం పేరే ఉంది, కానీ రిజిస్ట్రార్ చిట్టాలో లీజుదారు ఆ డిజైనర్. అతను ఊరు మారితే, ఫోన్ ఎత్తకపోతే, మాట తేడా వస్తే, ఆ పేరును రిజిస్ట్రార్ ముందు మీదని నిరూపించుకోవడం మీ పని. కోర్టు దారి ఉంది. డొమైన్ పేరుకి ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లో సత్యం ఇన్ఫోవే కేసులో చెప్పింది. డాట్ ఇన్ పేర్లకు నిక్సీ దగ్గర వివాద పరిష్కార పద్ధతీ ఉంది. ఆ దారుల్లో నెలలూ రుసుములూ పోతాయి.

ఇది చూసుకోవడానికి బయటి రికార్డు చాలదు, మీ పేరు మీదా అదే తెర కనిపిస్తుంది. రిజిస్ట్రార్ ఖాతాలోకి లాగిన్ అయి రిజిస్ట్రెంట్ అన్నచోట సంస్థ పేరుందో లేదో చూడాలి. లాగిన్ వివరాలు మీ దగ్గర లేవంటే సమస్య అప్పుడే మొదలైంది. అక్కడున్న ఈమెయిల్ ఎవరిదన్నది ఇంకా ముఖ్యం. గడువు హెచ్చరికలు వచ్చేది దానికే, పేరు వేరే రిజిస్ట్రార్‌కి మార్చాలంటే అనుమతి అడిగేది దాన్నే. డాట్ కామ్ పేరుకి గడువు తీరాక గరిష్ఠంగా 45 రోజుల దాకా మామూలుగా పునరుద్ధరించుకునే వీలుంటుంది, రిజిస్ట్రార్ ఇష్టాన్ని బట్టి అది తగ్గవచ్చు కూడా. కొట్టివేతకు పంపాక 30 రోజులు ఎక్కువ రుసుముతో విడిపించుకోవచ్చు. ఆ తర్వాత 5 రోజులు ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆరో రోజు ఆ పేరు ముందుగా అడిగినవాళ్లది. పాత పేర్ల కోసం కాచుకుని ఉండే యంత్రాలు సెకనులో అందుకుంటాయి. ఆ పేరు మీద మీ పాత కస్టమర్లు పంపే మెయిళ్లు కూడా ఇక కొత్త లీజుదారుకే చేరతాయి.